తాతయ్య డక్కీ కింద ఏం రాయాలి? బుర్రకథ ఎర్రజెండాదా, జంగాలదా?

డక్కీ మనవడు
శనివారం రాత్రి 9:40

చిన్న విషయమే అనుకున్నా. మూడు రోజులుగా బుర్రలో తిరుగుతూనే ఉంది, అందుకే ఇక్కడ పెడుతున్నా.

మా అమ్మ వాళ్ల నాన్న గుంటూరు జిల్లాలో ఒక బుర్రకథ దళంలో వంత. కథకుడికి ఒక పక్క హాస్యం చెప్పేవాడు, ఇంకో పక్క రాజకీయం చెప్పేవాడు ఉంటారు కదా, అందులో హాస్యం మా తాతయ్యది. 1944లో చేరారట. ఆయన పోయి ఇరవై రెండేళ్లయింది. కథలో వంతలు వాయించే చిన్న చేతి వాద్యం, ఆ డక్కీ మాత్రం అమ్మమ్మ మంచం కింద గోనెసంచిలో ఉంది. పండక్కి ఇత్తడి సామాను తోమేటప్పుడు దాన్ని కూడా చింతపండు పెట్టి తోముతుంది. ఏడాదికి దాని భోగం అంతే.

ఊళ్లో హైస్కూలు వాళ్లు ఒక గది ఖాళీ చేసి పాత వస్తువులు పెడుతున్నారు. కుంచం, కవ్వం, తిరగలి, ఎవరిదో మూగబోయిన గ్రామఫోను. డక్కీ కూడా ఇమ్మన్నారు. కింద పెట్టే అట్ట మీద రెండు లైన్లు మమ్మల్నే రాసుకోమన్నారు. నేను "ప్రజానాట్యమండలి బుర్రకథ దళం వాడిన డక్కీ, 1944" అని రాసిచ్చా. మండలి అంటే అప్పటి కమ్యూనిస్టుల కళాసంస్థ. అక్కడ తెలుగు మాస్టారు అది చదివి నవ్వారు. ఆయనది జంగం కుటుంబం, తరతరాలుగా ఈ కథ చెప్పుకుంటూ తిరిగిన శైవులు. "మీ తాతగారంటే నాకు గౌరవమే బాబూ. కానీ మీ పార్టీ పుట్టకముందే ఇది మా ముత్తాత చేతిలో ఉంది. పదేళ్లు వాడుకున్నవాళ్ల పేరు రాసి, పదితరాలు మోసినవాళ్ల పేరు వదిలేస్తే ఎట్లా?" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. ఆయనది కోపం కూడా కాదు, అదే ఇంకా ఇబ్బంది.

వామపక్షం మన కళల్ని బతికించిందా, వాడుకుని వదిలేసిందా? అసలు అట్ట మీద ఏం రాయమంటారు? ఇప్పటి ఎన్నికల గొడవ మాత్రం ఇక్కడికి తేవద్దని మనవి.


కృష్ణాతీరం
శనివారం రాత్రి 10:25

బాబూ, నువ్వు రాసిందే ఉంచు. రిటైరైన మేష్టర్ని, కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టు.

1943లో బొంబాయిలో వామపక్ష కళాకారుల సంఘం ఇప్టా పెట్టారు. ఆ ఊపులోనే మన దగ్గర ప్రజానాట్యమండలి. డాక్టర్ గరికపాటి రాజారావు గారు దానికి ప్రాణం. అదే ఏడాది తెనాలిలో తాపీ ధర్మారావు గారి అధ్యక్షతన అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ. ఒకే ఏడాదిలో రాసేవాళ్లకో ఇల్లు, ఆడేవాళ్లకో ఇల్లు దొరికాయి. అంతకుముందు జంగం కథ ఎవరు వినేవారు? కళ్లాల దగ్గర, ఊరి అరుగుల మీద, నాలుగు గింజలు పెట్టేవాళ్లు వినేవారు. చెప్పేవాడికి భిక్షే జీతం. ఆ కథని ఊరి నడిమధ్య మంచె ఎక్కించి, బెంగాల్ కరువు, కౌలు, భూమి చెప్పించింది ఎవరు?

ఇంకో మాట. నాజర్ ఎవరు? పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టిన మనిషి. ఆత్మకథకే 'పింజారి' అని పేరు పెట్టుకున్నాడు. శైవ భిక్షుకుల కథారూపాన్ని ఒక ముస్లిం తంబుర భుజాన వేసుకుని చెప్తే ఊళ్లకి ఊళ్లు తెల్లార్లూ కూర్చున్నాయి. కులం గీత దాటకుండా అది జరిగేదా? 1986లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చింది ప్రభుత్వం. అంతకు నలభై ఏళ్ల ముందు బుర్రకథని ఇటు మద్రాసు ప్రభుత్వమూ అటు నైజాం ప్రభుత్వమూ నిషేధించాయి. సర్కారు ఊరికే భయపడదు కదా.

మీ మాస్టారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ వాద్యం వేరు, బుర్రకథ వేరు.


మొండిగోడ
శనివారం రాత్రి 11:02

మేష్టారూ, నిషేధించారు కాబట్టి గొప్ప కళ అంటే నాటుసారా కూడా గొప్ప కళే.

మీరు చెప్పని ఒక సంగతి నేను చెప్తా. 1942లో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేశారు. హిట్లర్ రష్యా మీద పడ్డాడు, దాంతో మనవాళ్లకి అంతదాకా సామ్రాజ్యవాద యుద్ధం అయినది కాస్తా ప్రజాయుద్ధం అయిపోయింది. దేశంలో జనం క్విట్ ఇండియా అని జైళ్లకి పోతుంటే, దళాలు ఊళ్లో ఫాసిజం మీద కథలు చెప్పుకుంటూ తిరగడానికి దారి దొరికింది అందుకే. అంటే ఏ కథ చెప్పాలో నిర్ణయించింది ఊరు కాదు. ఊరికి చాలా దూరంలో ఉన్నవాళ్లు.

నా అభ్యంతరం ఎరుపు మీద కాదు. కథ చివర ఏమవుతుందో మొదటి తందానకే తెలిసిపోతుందే, దాని మీద.


రీలుపెట్టె
శనివారం రాత్రి 11:09

పల్నాటి యుద్ధంలో చివరికి ఏమవుతుందో కూడా అందరికీ తెలుసు సార్. అయినా కారంపూడి వచ్చేసరికి ఏడ్చేవాళ్లు.


మొండిగోడ
శనివారం రాత్రి 11:15

బాలచంద్రుడు చచ్చిపోతాడని తెలుసు. ఎవరు మంచివాడో ఎవరు చెడ్డవాడో తెల్లారినా తేలదు. బ్రహ్మనాయుడిదీ తప్పుందని తిట్టుకుంటూ ఇంటికి పోతాం. పార్టీ కథలో భూస్వామికి ఒక్క మంచి రోజు ఉందా? ఒక్కటి చూపించండి.


నల్లగొండ పోరడు
ఆదివారం పొద్దున 7:30

మొండిగోడ అన్నా, దొరకు మంచి రోజు గావాల్నా? గడిల మా నాయనమ్మ వెట్టి జేసింది. ఆమెకు మంచి రోజు ఎప్పుడు దొరికిందో ముందు గది జెప్పు, తర్వాత దొర సంగతి మాట్లాడుకుందాం.

మా దిక్కు సంగతి జెప్త. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు దీస్కుండు. గొల్లసుద్దులు ఎవరియి? గొర్లు గాసుకునేటోళ్లయి. హనుమంతు గొల్లాయన గాదు, పద్మశాలి. గా సుద్దుల్ల దొర మీద, పటేల్ పట్వారీ మీద కథ గట్టిండు. కూలీకి చదువొచ్చిందా? పేపర్ జదివిండా? సంఘం అంటె ఏందో గా సుద్దులు ఇనే ఎరుకైంది. 1946 జులై నాలుగు నాడు కడవెండిల దొడ్డి కొమురయ్య ఒరిగిండు. గా సంగతి ఊరూరికి ఎట్ల పోయిందనుకున్నరు? రేడియోల జెప్పిండ్రా? పాటల మీదనే పోయింది. 1952ల రావి నారాయణరెడ్డి నల్లగొండల నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లతోని గెలిచిండు. గండ్ల సగం ఓట్లు పాటయే అని నేనంట.

సుంకర, వాసిరెడ్డి ఇద్దరు గలిసి 1947ల రాసిన మాభూమి నాటకం జూడుండ్రి. గది ఆడినంక మా దిక్కు జరిగేది ఆంధ్రోళ్లకు తెల్సింది. తర్వాత దాన్నే సిన్మా దీసిండ్రు.


రీలుపెట్టె
ఆదివారం పొద్దున 8:05

అన్నా, పేరొక్కటే ఒకటి. నాటకానికీ సినిమాకీ కథ సంబంధం లేదు. సినిమా కృష్ణ చందర్ ఉర్దూ నవల నుంచి వచ్చింది. బెంగాలీ ఆయన గౌతం ఘోష్ దర్శకుడు, బి. నర్సింగరావు నిర్మాత, 1980లో విడుదల.

ఇంకో సరదా సంగతి. అందులో బండెనక బండి పాట గద్దర్ పాడాడు. ఇప్పటికీ వందలో తొంభై మంది అది గద్దర్ రాసిందే అనుకుంటారు. అది సాయుధ పోరాట కాలంలో యాదగిరి కట్టిన పాట.


నల్లగొండ పోరడు
ఆదివారం పొద్దున 8:20

దెబ్బ దిన్న. ఒప్పుకుంటున్న.

కానీ జెర సోంచాయించుండ్రి. పాట గట్టినోడు యాదగిరి. పాడినోడు గద్దర్. సూపెట్టింది సిన్మా. జనం నోట్ల ఒక్క పేరే మిగిలింది. గద్దర్ దొంగతనం జేసిండా? లేదు. గాయన ఎన్నడు నాదని జెప్పలె. గిట్లనే జంగాల సంగతి గూడ. ఎవలు గుంజుకోలె, అయినా పోయింది.


తప్పెటమోత
ఆదివారం పొద్దున 10:48

పోరడు తమ్ముడు చివర్లో అన్నమాట దగ్గర ఆగుతా. "ఎవలు గుంజుకోలె, అయినా పోయింది." ఎట్లా పోయిందో చూద్దాం.

నేను మాదిగ వాడలో పుట్టా. మా తాత డప్పు కొట్టేవాడు. ఇష్టమై కాదు. ఊళ్లో చావైతే కొట్టాలి, జాతరైతే కొట్టాలి, పంచాయితీ చాటింపైతే కొట్టాలి. కొట్టనంటే కుదరదు. ఆ డప్పు 70ల్లో గద్దర్ వాళ్ల విప్లవ పాటల దళం జననాట్యమండలి చేతికొచ్చింది. గొంగడి భుజాన, కాళ్లకి గజ్జెలు, చేతిలో డప్పు. నేను చిన్నప్పుడు చూసినప్పుడు ఒళ్లు గగుర్పొడిచింది, అబద్ధం చెప్పను. చావు దగ్గర మాత్రమే మోగే దాన్ని వేదిక మీద పెట్టి, దాని చుట్టూ వేల మంది నిలబడ్డారు. మా నాన్న ఏడ్చాడు. ఆ రుణం నేను కాదనను.

కానీ ఆ డప్పు ఎవరిదని పాటలో చెప్పారా? "పీడిత ప్రజల" డప్పు అయింది. మా వాడ పేరు అందులో కలిసిపోయింది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు, రెండూ దళితుల్ని చంపిన ఊళ్లు. పొలాల్లో శవాలు పడ్డాక కూడా వర్గం అనే మాట ముందు కులం అనే మాట వెనక నిలబడాల్సి వచ్చింది. నక్సలైటు పార్టీ పీపుల్స్‌వార్ పెట్టినవాళ్లలో ఒకరైన శివసాగర్, అంటే కె.జి. సత్యమూర్తి, పార్టీలో కులం మాట ఎత్తి బయటికి రావాల్సి వచ్చింది. అంత పెద్ద కవికే చోటు చాలకపోతే మిగతావాళ్ల గతేంటి?

1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. దండోరా అంటే ఏంటి? డప్పు కొట్టి చాటడం. పేరులోనే డప్పు తిరిగి మా ఇంటికి వచ్చింది. ఈసారి ఎవరి తరఫునో కాదు, మా పేరుతో మేమే కొట్టుకున్నాం.

కాబట్టి మీ మాస్టారు అడిగింది న్యాయం. మీ తాతయ్య చేసింది కూడా న్యాయమే. ఇద్దరి మధ్యలో ఉన్న పార్టీ, ఎవరి దగ్గర తెచ్చుకుందో చెప్పలేదు. నా గొడవ అదొక్కటే.


కృష్ణాతీరం
ఆదివారం మధ్యాహ్నం 12:15

తమ్ముడూ, నీ మాటకి తల వంచుతాను. ఒక్కటి మాత్రం ఒప్పుకో. ఆ డప్పు వేదికెక్కకపోతే దండోరా పేరు పెట్టుకునేంత గర్వం దాని చుట్టూ పుట్టేదా?


తప్పెటమోత
ఆదివారం మధ్యాహ్నం 12:22

పుట్టేదో లేదో మీకూ తెలీదు, నాకూ తెలీదు మాస్టారూ. తెలంగాణలో ఒగ్గుకథ మిద్దె రాములు ఏ పార్టీ వేదిక ఎక్కి పెద్దవాడయ్యాడు? చిందు ఎల్లమ్మకి ఎవరు జెండా ఇచ్చారు? మల్లన్న కథ, ఎల్లమ్మ కథ చెప్పుకుంటూనే నిలబడ్డారు. 2024లో చిందు యక్షగానానికి గడ్డం సమ్మయ్యకి పద్మశ్రీ వచ్చింది, బుర్రవీణకి దాసరి కొండప్పకి వచ్చింది. బతికించింది ఉద్యమమే అనే మాట అన్నిచోట్లా నిలవదు.


మొండిగోడ
ఆదివారం మధ్యాహ్నం 1:40

తప్పెటమోత గారు నాకంటే బాగా చెప్పారు, నేను తప్పుకుంటా అనుకున్నా. కానీ మేష్టారికి ఒక ప్రశ్న. కొడవటిగంటి కుటుంబరావు మీవాడే కదా? విప్లవ రచయితల సంఘం, విరసంలో ఉన్నాడు. అదే మనిషి 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామ నడిపాడు. రాజులు, రాణులు, బేతాళుడు, మంత్రగత్తెలు. ఏ నెలలోనైనా రాకుమారుడు కార్మికవర్గ నాయకత్వం స్వీకరించాడా? లేదు. మూడు తరాల తెలుగు పిల్లలకి వాక్యం నేర్పింది ఆ చందమామ. నా వాదనకి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? పార్టీ గదిలో లేనప్పుడు ఆయన చేసిన పనే అందరికీ చేరింది.


కృష్ణాతీరం
ఆదివారం సాయంత్రం 4:30

మధ్యాహ్నం కునుకు తీశాను, మన్నించాలి.

కుటుంబరావు గారిని తెచ్చారు, సంతోషం. ఆ చందమామ కథల్లో తెలివితక్కువ రాజుని తెలివైన పేదవాడు ఎన్నిసార్లు బోల్తా కొట్టించాడో లెక్కపెట్టండి. దెయ్యం అనుకున్నది చివరికి దొంగ అని ఎన్నిసార్లు తేలిందో చూడండి. ఆ వాక్యంలో ఒక్క అనవసరమైన విశేషణం ఉండదు, అర్థం కాని సంస్కృతం ఉండదు. ఎవరికీ అర్థం కాకుండా రాయడం పాపం అనే నమ్మకం ఆయనకి ఎక్కడిది? పార్టీ గదిలో లేదన్నారు. గది కట్టినవాడి మనసులో ఉంది.

నాకు మాత్రం మీరు చెప్పిన దాంట్లో ఒకటి గుచ్చుకుంది. 1951 అక్టోబరులో సాయుధ పోరాటం ఆపేశారు. వెంటనే ఎన్నికలు. నిన్నటిదాకా తుపాకీ పాడిన గొంతు ఇవాళ ఓటు పాడాలి. 1955 ఆంధ్ర ఎన్నికల్లో పార్టీకి 15 సీట్లే వచ్చాయి. నేను అప్పుడు చిన్నపిల్లాణ్ణి, మా ఇంట్లో రెండు పూటలు పొయ్యి వెలగలేదు. ఆ తర్వాత దళాలు మళ్లీ ఆ ఊపులో లేవలేదు. గెలిచేటప్పుడు కళ ముందు నడిచింది. ఓడినప్పుడు కళాకారుడి ఇంట్లో బియ్యం ఉన్నాయా అని ఎవరూ అడగలేదు. ఇది ఒప్పుకోవడం నాకు కష్టం. అయినా రాస్తున్నాను.


రీలుపెట్టె
ఆదివారం సాయంత్రం 5:10

బియ్యం వెతుక్కుంటూ వాళ్లు మద్రాసు పోయారు మేష్టారూ. నిషేధాలు, అరెస్టులు తర్వాత ప్రజానాట్యమండలి వాళ్లు ఎంతమంది సినిమాల్లోకి వచ్చారో చూస్తే తెలుగు సినిమా చరిత్రలో సగం కనిపిస్తుంది. గరికపాటి రాజారావు గారే 1953లో పుట్టిల్లు తీశారు. జమున గారికీ అల్లు రామలింగయ్య గారికీ అదే మొదటి సినిమా. మిక్కిలినేని అక్కడివాడే. తెర మీద జమీందారు వేషాలేస్తూనే, ఇంటికెళ్లి జానపద కళారూపాల మీద అంత లావు పుస్తకం రాశాడు. ఇవాళ ఎవరైనా పగటివేషాలో తోలుబొమ్మలో గురించి నాలుగు ముక్కలు రాయాలంటే ముందు దాన్నే తిరగేస్తారు. ఎర్రవాళ్లు ఆ కళల్ని వాడుకుని వదిలేశారనే మాటకి అది అడ్డం నిలబడుతుంది.


వెన్నెలగడప
ఆదివారం రాత్రి 8:55

పొద్దుట్నించి చదువుతున్నా. జంగాలు, గొల్లలు, దూదేకుల, మాదిగ, అందరూ వచ్చారు. ఆడవాళ్లు రాలేదు. ఎప్పటిలాగే.

మోటూరు ఉదయం గారు ఆడవాళ్ల బుర్రకథ దళం నడిపారు. 40ల్లో. ఒక్కసారి ఊహించుకోండి. నలుగురి ముందు తల ఎత్తి నడవడమే తప్పయిన రోజుల్లో, ఒకామె తంబుర భుజాన వేసి, కాలికి గజ్జె కట్టి, అడుగేస్తూ మీసం మెలేసే వీరుడి కథ చెప్తోంది. పక్కన ఇద్దరు ఆడవాళ్లు డక్కీలు వాయిస్తూ ఎకసెక్కాలాడుతున్నారు. ఆ వేదిక కులపెద్దలు ఇవ్వలేదు, గుడి ఇవ్వలేదు, నాటక కంపెనీలు ఇవ్వలేదు. పార్టీయే ఇచ్చింది. మొండిగోడ గారూ, ఆ ఒక్క పనికి మీ అభ్యంతరాలన్నీ నేను పక్కన పెట్టగలను.

అయితే రెండో సగం కూడా ఉంది. కొండపల్లి కోటేశ్వరమ్మ గారు అదే కాలంలో పాటలు పాడి, నాటకాలాడి, అజ్ఞాతవాసం చేసి వచ్చారు. భర్త కొండపల్లి సీతారామయ్య ఆమెని వదిలేశాక మళ్లీ చదువుకుని, కాకినాడలో అమ్మాయిల హాస్టల్‌కి మేట్రన్‌గా చేశారు. తొంభై దాటాక, 2012లో, నిర్జన వారధి వచ్చింది. ఉద్యమం మీద ఒక్క తిట్టు లేదు అందులో. అదే నన్ను ఏడిపించింది. వేదిక మీద గొంతు అడిగారు, ఇచ్చింది. ఇంట్లో ఆమె మాట ఎవరు అడిగారు? మగ నాయకుల ఆత్మకథల్లో ఎన్ని పేజీలు ఆ పాటలకి కేటాయించారో మీరే చూసుకోండి.

డక్కీ మనవడు గారూ, అమ్మమ్మ గారు ఏమంటున్నారు ఈ అట్ట గురించి? ఎవరైనా ఆవిడని అడిగారా? ఇన్నాళ్లూ చింతపండు పెట్టి తోమింది ఆవిడే కదా.


డక్కీ మనవడు
ఆదివారం రాత్రి 9:20

అడగలేదండీ. సిగ్గేస్తోంది. రేపు పొద్దున్నే ఫోన్ చేస్తా.


నాగావళి
సోమవారం పొద్దున 6:50

ఏటండి బాబూ, అందరూ గుంటూరు నల్లగొండల దగ్గరే ఆగిపోయినారు. సిక్కోలు, అదే శ్రీకాకుళం, ఒకటి ఉందండి.

సుబ్బారావు పాణిగ్రాహి ఒడియా ఇంట పుట్టినాడు. బొడ్డపాడులో ఉండి తెలుగులో పాటలు కట్టినాడు. మా వైపు జముకుల కథ ఉంటాది. జముకు అంటే బుంగలాంటిది, లోపల నరం బిగించి లాగితే మనిషి మూలిగినట్టు పలుకుతాది. రాత్రుళ్లు కూర్చుని ఏళ్ల తరబడి అమ్మవార్ల కథలు ఇన్నాం దాంతో. పాణిగ్రాహి దాన్ని పట్టుకుని కొండల్లో గిరిజనుల భూమి కథ చెప్పినాడు. 1969 డిసెంబరులో పోలీసులు చంపీసినారు. ఆయన్తో పాటు పంచాది నిర్మల.

"వాడుకున్నాడు" అనే మాట ఆయన మీద ఎలా పెడతారండి? ప్రాణమే పెట్టినోడు ఇంకేటి దాచుకున్నాడు? ఆ తరవాతే పాటలు కట్టి పాడే వంగపండు వచ్చినాడు. మా యాస సినిమాల్లో నవ్వుకోడానికే ఉండీది. ఆయన పాడితే అదే యాస హైదరాబాద్ సభల్లో ఈలలేయించింది. యాసకి మర్యాద దొరకడం చిన్న సంగతి కాదండి. పుస్తకాల్లో రాసిన "కళాభివృద్ధి" కంటే మాకదే పెద్దది.


మొండిగోడ
సోమవారం పొద్దున 9:15

నాగావళి గారూ, పాణిగ్రాహి గారి మీద నాకు ఒక్క మాట లేదు. ప్రాణం ఇచ్చినవాళ్ల గురించి వాదించే అర్హత నాకు లేదు. కానీ చావు కూడా ఒక చిక్కు తెచ్చిపెట్టింది. తర్వాతి ఇరవై ఏళ్లలో పాట అంటే అమరుడి పాట అయిపోయింది. ఎవరో ఒకరు పోతేనే కొత్త పాట. ఎన్నని ఏడుస్తాం? నవ్వే వంత ఎక్కడికి పోయాడు? తాతయ్య హాస్యం చెప్పేవారని మొదటి పోస్టులో చదివాను. నాకు అక్కడే మనసు ఆగిపోయింది. హాస్యం పోయిన కథలో రాజకీయం ఒక్కటే మిగిలింది.


నల్లగొండ పోరడు
సోమవారం పొద్దున 9:40

హాస్యం పోయిందా? గద్దరన్న పోలీసాయన నడక నడిచి సూపెడ్తె పోలీసులే నవ్వుకునేటోళ్లంట. 1990 ఫిబ్రవరిల నిజాం కాలేజ్ గ్రౌండ్ల గాయన అజ్ఞాతంల నుంచి బయటికొచ్చిన్నాడు జనం ఎట్లొచ్చిండ్రు? ఏడ్వనీకె వచ్చిండ్రా?

ఇంకొకటి. గిప్పుడు సర్కారోళ్లు గద్దర్ పేరు మీద సిన్మా అవార్డులు ఇస్తుండ్రు. 1997ల దిగిన తూటా ఒకటి సచ్చేదాక ఒంట్ల ఉండె. గసొంటి మనిషి పేరు మీద హీరోలు సూట్లేస్కొని స్టేజీ ఎక్కుతుండ్రు. నవ్వొస్తలేదా?

(ఈ పోస్టు తర్వాత వచ్చిన 11 పోస్టులు తొలగించాం. గద్దర్ చివరి రోజుల్లో ఏ పార్టీ వైపు ఉన్నారు, 2018లో ఎవరికి ఓటేశారు అనే తిట్ల వరకు పోయింది. మొదటి పోస్టులోనే మనవి చేశారు, చదువుకోండి. — నిర్వాహకులు)


వెన్నెలగడప
సోమవారం మధ్యాహ్నం 2:10

తొలగించినవాటిలో ఒక మంచి పోస్టు కూడా పోయింది, అందులోని మాట నా మాటల్లో పెడుతున్నా. పార్టీ నేర్పిన విద్యని అందరికంటే శ్రద్ధగా నేర్చుకున్నది సర్కారు. 1954లో కేంద్రం సాంగ్ అండ్ డ్రామా డివిజన్ పెట్టింది. అదే బుర్రకథ, అదే తందాన, విషయం మాత్రం పంచవర్ష ప్రణాళిక, కుటుంబ నియంత్రణ. తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి పెట్టి ఉద్యమంలో పాడినవాళ్లకి జీతాలిచ్చారు. తెలంగాణ ఉద్యమ పాటల సభల్లో, ధూంధాంలో గొంతు చించుకున్నవాళ్లు పథకాల పాట పాడారు. తిట్టడానికి నాకు మనసు రాదు. జీతం వచ్చింది, పిల్లలు చదువుకున్నారు. వామపక్షం డెబ్బై ఏళ్లలో చెయ్యలేని ఒక్క పని అది: కళాకారుడికి నెల జీతం. కానీ జీతమిచ్చేవాడి మీద కథ చెప్పగలరా? పార్టీ దళంలో పార్టీ మీద చెప్పగలిగారా? రెండు చోట్లా నాకు ఒకే గోడ కనిపిస్తోంది, సున్నం రంగు వేరు.


కృష్ణాతీరం
సోమవారం మధ్యాహ్నం 3:00

అమ్మా, రెండు గోడలూ ఒకటే అనకు. ఒకదాని వెనక జైలుంది, రెండోదాని వెనక జీతం ఉంది. గోడ లోపలికి తమంతట తాము నడిచి వెళ్లినవాళ్లని, ఆకలికి వెళ్లినవాళ్లని ఒకే గాటన కట్టకూడదు.


వెన్నెలగడప
సోమవారం మధ్యాహ్నం 3:12

ఆకలికి వెళ్లినవాళ్లే ఎక్కువ తప్పు చేశారా అండీ?


డక్కీ మనవడు
సోమవారం రాత్రి 8:30

అమ్మమ్మతో మాట్లాడా. గంటన్నర.

ఆవిడ చెప్పింది వినండి. తాతయ్య దళంలో చేరకముందు డక్కీ పట్టుకోవడం నేర్పింది పక్క ఊరి జంగం ఆయన. ఏడాది పాటు వాళ్ల గుడిసె ముందు కూర్చుని నేర్చుకున్నారట. గురుదక్షిణగా ఒక పుట్టి వడ్లు ఇస్తానని చెప్పి, పంట పోయి సగమే ఇచ్చారట. "మిగతా సగం ఇవ్వనేలేదురా, ఆ ఏడాది పోలీసులొచ్చారు" అంది. అరవై ఏళ్లు కాపురం చేసిన మనిషి చచ్చిపోయిన ఇరవై రెండేళ్ల తర్వాత కూడా ఆవిడకి గుర్తున్నది ఆ అరపుట్టి బాకీ. పార్టీ గురించి అడిగితే "మీ తాత అక్కడే మనిషయ్యాడు" అంది. రెండూ ఒకే గొంతుతో చెప్పింది.

సాయంత్రం మాస్టారి ఇంటికి వెళ్లి ఈ మాట చెప్పా. ఆ జంగం ఆయన ఎవరో ఆయనకి తెలుసు, బంధువేనట. డక్కీ తెమ్మన్నారు. తీసుకెళ్తే తిప్పి చూసి, రెండు వేళ్లతో ఒక్క దెబ్బ కొట్టారు. తోలు చిరిగి ఉంది, డొల్లగా పలికింది. "ముందు ఇది బాగుచేయించు, అట్ట సంగతి తర్వాత" అన్నారు. గుంటూరులో రెండు షాపులు అడిగా, తబలా డోలు చేస్తాం కానీ ఇది చెయ్యం అన్నారు. ఎవరికైనా చేసేవాళ్లు తెలుసా?


తప్పెటమోత
సోమవారం రాత్రి 8:52

తోలు పని మా ఇంటి పనే కదా తమ్ముడూ. మా ఊళ్లో ఒక పెద్దాయన ఉన్నాడు, డప్పులు, గుమ్మెటలు మూస్తాడు. చూపు తగ్గింది కానీ చెయ్యి తగ్గలేదు. తీసుకురా.

ఇంతకీ 1944లో దానికి తోలు మూసింది ఎవరో అమ్మమ్మని అడిగావా?


డక్కీ మనవడు
సోమవారం రాత్రి 8:58

లేదన్నా. జంగం ఆయన దగ్గరే ఆగిపోయా.


తప్పెటమోత
సోమవారం రాత్రి 9:01

అడుగు. స్కూలు వాళ్లు రెండు లైన్లే అన్నారుగా?


డక్కీ మనవడు
సోమవారం రాత్రి 9:03

మూడోది అడుగుతా. ఆదివారం పొద్దున బయల్దేరి వస్తా, ఊరు పేరు మెసేజ్‌లో పెట్టండి.